కొండ సైకిలు పందానికి సిద్ధమవుదామా?

తారురోడ్డు మీద సైకిలు తొక్కడం మీలో చాలామందికి వచ్చు. కాని రాళ్ళు, ఇసుక, చెట్ల వేళ్ళు, వానకు కోసుకుపోయిన గండ్లు ఉన్న గుట్టదారిలో పందెం వేసుకుని తొక్కమంటే? అలాంటి దారులకోసం తయారైనదే మౌంటెన్ బైకు, అంటే కొండ సైకిలు. లావు టైర్లు, కుదుపులను మింగే ముందు ఫోర్కు, ఎక్కువ గేర్లు, గట్టి బ్రేకులు దీని గుర్తులు.

మొదటిసారి ఈ పందెంలో దిగేవారు సాధారణంగా కాళ్ళ బలం గురించే ఆలోచిస్తారు. అంతకన్నా ముందు ఆలోచించవలసింది మీ పాఠ్యపుస్తకంలోనే ఉంది: శక్తి పుట్టదు, నశించదు, రూపం మార్చుకుంటుంది. కొండ ఎక్కేటప్పుడు ఆ శక్తి మీ ఒంట్లోంచి రావాలి. దిగేటప్పుడు అది ఎక్కడికో పోవాలి. ఎక్కడినుంచి తేవాలి, ఎక్కడికి పంపాలి అన్నది ముందుగా చూసుకోవడమే పందానికి సిద్ధం కావడం.

పొగలు కక్కిన బ్రేకు

అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో నగరానికి ఉత్తరాన మరీన్ కౌంటీ అనే కొండ ప్రాంతం ఉంది. 1976 అక్టోబరులో అక్కడి యువకులు కొందరు ఒక మట్టిదారిలో కొండ దిగే పందెం పెట్టుకున్నారు. వారివి 1930, 40ల నాటి బరువైన పాత సైకిళ్ళు. పెడలును వెనక్కి తొక్కితే వెనక చక్రం హబ్బులో పడే బ్రేకు తప్ప వేరే బ్రేకు లేదు. మూడు కిలోమీటర్లకు పైగా సాగే ఆ దారి సుమారు 400 మీటర్ల కిందికి దిగుతుంది. అడుగుకు చేరేసరికి హబ్బులోని గ్రీజు కాలి పొగయిపోయేది! మళ్ళీ కొత్త గ్రీజు కూరితే తప్ప సైకిలు పనికివచ్చేది కాదు. అందుకే ఆ పందానికి 'రీప్యాక్', అంటే 'మళ్ళీ కూర్చడం' అనే పేరు వచ్చింది.

ఎందుకలా కాలింది? లెక్క కట్టి చూడండి. మనిషీ సైకిలూ కలిసి 90 కిలోలనుకుందాం. 400 మీటర్ల ఎత్తున వారి స్థితిశక్తి 90 × 9.8 × 400, అంటే సుమారు 3,50,000 జౌళ్ళు. ఒక లీటరు మంచినీళ్ళను మరిగించడానికి ఇది చాలు! ఇందులో కొంత గాలిని తోసుకుపోవడానికి, కొంత టైర్లు నలగడానికి ఖర్చవుతుంది. మిగిలినదంతా బ్రేకులో వేడిగా మారవలసిందే. పిడికెడంత హబ్బు ఆ వేడిని ఎలా తట్టుకుంటుంది?

ఆ బృందంలోని జో బ్రీజ్ 1977లో ఇలాంటి దారులకోసమే ప్రత్యేకంగా ఒక సైకిలు తయారుచేశాడు. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడల్లో కొండ సైకిలు పందెం తొలిసారి చోటు సంపాదించుకుంది. అక్కడ జరిగింది క్రాస్ కంట్రీ పందెం. అంటే ఎక్కుడూ దిగుడూ ఉన్న ఒకే దారిని కొన్ని చుట్లు తిరగాలి. కొత్తవారు మొదట దిగదగినది ఇదే. ఒక్కొక్క భాగానికి ఎలా సిద్ధం కావాలో చూద్దాం.

ఎక్కుడు: గేరు లెక్క

పెడలు దగ్గరి చక్రానికి 32 పళ్ళు, వెనక చక్రానికి 16 పళ్ళు ఉంటే, పెడలు ఒక్క చుట్టుకు సైకిలు చక్రం రెండు చుట్లు తిరుగుతుంది. వెనక 48 పళ్ళ చక్రానికి గొలుసు మార్చితే చుట్టులో మూడింట రెండు వంతులే తిరుగుతుంది. ముందుకు పోయే దూరం మూడో వంతుకు తగ్గింది. కాని కాలు వెయ్యవలసిన బలం కూడా మూడో వంతుకు తగ్గింది! ఎక్కుడులో చేసే పని తగ్గలేదు సుమా, దాన్ని చిన్నచిన్న వాయిదాల్లో చెల్లిస్తున్నామన్నమాట.

కాబట్టి నిమిషానికి 70 నుంచి 90 చుట్ల చొప్పున కాళ్ళు ఆడేలా గేరు మార్చుకోవడం అలవాటు చేసుకోండి. ఎక్కుడు మొదలయ్యాక, గొలుసు మీద బలమంతా వేసి తొక్కుతూ గేరు మార్చకూడదు. అప్పుడు గొలుసు జారవచ్చు, తెగవచ్చు కూడా. ఎక్కుడు రాకముందే మార్చాలి. మరీ నిటారుగా ఉంటే దిగి సైకిలు నడిపించుకుపోవచ్చు. అందులో చిన్నతనమేమీ లేదు.

టైరులో గాలి

గాలి గట్టిగా కొడితే సైకిలు తేలిగ్గా పోతుందని రోడ్డు మీద తొక్కేవారికి తెలుసు. రాళ్ళదారిలో సంగతి వేరు. గట్టి టైరు ప్రతి రాయి మీదా ఎగురుతుంది. ఎగిరినప్పుడు నేలను తాకదు. నేలను తాకని టైరుకు ఘర్షణ ఎక్కడిది? ఘర్షణ లేనప్పుడు బ్రేకూ పనిచేయదు, మలుపూ తిరగదు.

గాలి కొంచెం తగ్గిస్తే టైరు రాయిని పొదువుకుని పోతుంది. మరీ తగ్గించినా ప్రమాదమే. రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి, పాము కాటు వేసినట్టు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. కనుక టైరు అంచున ముద్రించిన హద్దులు చూసుకుని, కొద్దికొద్దిగా మార్చి, మీ బరువుకు ఏది సరిపోతుందో పందానికి చాలా ముందే తేల్చుకోండి.

దిగుడు: అసలు పరీక్ష

కొత్తవారికి దెబ్బలు తగిలేది ఎక్కువగా ఇక్కడే. వేగం రెట్టింపయితే గతిశక్తి నాలుగు రెట్లవుతుంది. గంటకు 10 కిలోమీటర్ల వేగంలో రెండు మీటర్లలో ఆగిన సైకిలు, అదే బ్రేకుతో 20 కిలోమీటర్ల వేగంలో ఆగాలంటే ఎనిమిది మీటర్లు కావాలి. ఆ లోపల మలుపు వస్తే?

మూడు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, మలుపులో కాదు, మలుపుకు ముందే బ్రేకు వెయ్యాలి. నేల ఇవ్వగల ఘర్షణకు ఒక హద్దు ఉంది. దాన్ని బ్రేకుకే ఖర్చుచేస్తే తిరగడానికి మిగలదు. రెండు, చక్రం బిగుసుకుపోయేలా పట్టకూడదు. జారే టైరుకు ఘర్షణ దొర్లే టైరుకన్నా తక్కువ. అందుచేత రెండు బ్రేకులనూ మెల్లగా, కలిపి నొక్కాలి. మూడు, సీటు మీదనుంచి లేచి, మోచేతులూ మోకాళ్ళూ కొద్దిగా వంచి, ఒంటిని కిందికీ వెనక్కీ ఉంచాలి. గరిమనాభి ముందుకు పోతే, ముందు బ్రేకు పడగానే మనిషి హ్యాండిలు మీదుగా ఎగిరిపడతాడు.

హెల్మెట్ లేకుండా సాధనకు కూడా వెళ్ళవద్దు. వేగంగా వచ్చే క్రికెట్ బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కి ఎందుకు లాగుతారు? తల విషయంలో ఆ పని హెల్మెట్ లోపలి నురుగు పొర చేస్తుంది. తాను నలిగి, తల ఆగే కాలాన్ని పెంచి, దెబ్బ బలాన్ని తగ్గిస్తుంది. ఒకసారి నలిగిన పొర రెండోసారి కాపాడలేదు. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌ను మార్చవలసిందే.

ఒంటి ఇంధనం

మీరూ సైకిలూ కలిసి 60 కిలోలయితే, 30 మీటర్ల ఎక్కుడుకు చేసే పని సుమారు 17,600 జౌళ్ళు. మన కండరాలు ఆహారపు శక్తిలో నాలుగో వంతునే పనిగా మార్చగలవు. మిగతాది వేడి అవుతుంది, చెమట పట్టేది అందుకే. అంటే సుమారు 70,000 జౌళ్ళు ఖర్చు. ఒక అరటిపండులో దాదాపు 4,00,000 జౌళ్ళున్నాయి!

మరి అంత శక్తి ఉండగా అలసట ఎందుకు? ఆ శక్తి కావలసినంత వేగంగా అందకపోవడం ఒక కారణం. జెండా ఊపగానే ప్రాణం పెట్టి తొక్కితే కండరాల్లో దాచుకున్న గ్లైకోజన్ త్వరగా ఖర్చవుతుంది, ఊపిరి అందదు. మొదటి చుట్టులో రెండు మాటలు మాట్లాడగలిగేంత నిదానంగా పోండి. చివరి చుట్టులో మీ సత్తా చూపండి. పందెం రోజున కొత్త తిండి ప్రయోగాలు వద్దు. రెండు మూడు గంటల ముందు ఇడ్లీయో, అన్నమో, అలవాటైనది తినండి. నీళ్ళు తోడుంచుకోండి.

ఆరు వారాల సాధన

వారానికి మూడు నాలుగు రోజులు తొక్కితే చాలు. ఒకరోజు ఎక్కుళ్ళు, ఒకరోజు నిదానంగా ఎక్కువ దూరం, ఒకరోజు మలుపులూ బ్రేకులూ. దూరాన్ని కొద్దికొద్దిగా పెంచండి. విశ్రాంతి రోజును సోమరితనమనుకోకండి. కండరం బలపడేది ఆ విశ్రాంతిలోనే. చివరి వారం సాధన సగానికి తగ్గించండి. ముందురోజు పందెం దారిని నడిచి చూసి, ఎక్కడ గేరు మార్చాలో, ఎక్కడ బ్రేకు వెయ్యాలో గుర్తుపెట్టుకోండి. ఉబ్బసం, గుండె జబ్బు వంటివి ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి. ఒంటరిగా గుట్టలకు పోకండి. ఇంట్లో చెప్పి, ఒక తోడుతో వెళ్ళండి.

చేసి చూడండి

వెనక టైరును తడిపి, కింద పాత కాగితం పరచి, స్నేహితుడు సైకిలు పట్టుకోగా దాని మీద ఎక్కి కూర్చోండి. దిగి, తడి ముద్ర చుట్టూ పెన్సిలుతో గీయండి. కొంచెం గాలి తీసి, వేరే కాగితం మీద మళ్ళీ చేయండి. గళ్ళ కాగితం సాయంతో రెండు ముద్రల వైశాల్యాలు కొలవండి. గాలి తగ్గినప్పుడు ముద్ర పెరిగింది కదూ? మీ బరువు మారలేదు. పీడనం తగ్గితే వైశాల్యం ఎందుకు పెరగాలో మీ పీడనం పాఠంలోని సూత్రంతో రుజువు చేయగలరా? చేయగలిగితే, మీ పందేనికి కావలసిన గాలిని మీరే నిర్ణయించుకోగలరు.