అమావాస్య ఆకాశం, అమావాస్య పోటు

సముద్రపొడ్డున గుడారం వేసుకుని రాత్రంతా నక్షత్రాల ఫొటోలు తీద్దామనుకునేవాళ్లు ముందు పంచాంగం తీసి తిథి చూసుకోవాలి. వెన్నెల్లో పాలపుంత వెలిసిపోతుంది కాబట్టి అమావాస్య చుట్టుపక్కల రోజులే ఎంచుకుంటారు అందరూ. చిక్కేమిటంటే సూర్యచంద్రులు ఒకే వరుసలో నిలిచి నీటిని లాగేదీ ఆ రోజుల్లోనే. ఆకాశం బాగా చీకటిగా ఉండే రాత్రి, సముద్రం కూడా బాగా పైకి వచ్చే రాత్రి. అసలైన పెద్ద పోటు చాలాసార్లు అమావాస్య వెళ్లిన ఒకటి రెండు రోజులకు వస్తుంది.

పోటుకూ పోటుకూ నడుమ దాదాపు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. రాత్రి పదింటికి నీళ్లు ఎక్కడో దూరాన ఉన్నాయని ధీమాగా పడుకుంటే, నాలుగింటికి గుడారం గుమ్మంలో ఉండొచ్చు. బాపట్ల దగ్గరి సూర్యలంక లాంటి వాలు తక్కువ తీరంలో నీటిమట్టం కాస్త పెరిగినా అలలు చాలా లోపలికి పాకుతాయి. అందుకే వెలుగుండగానే వెళ్లి ఇసుక మీద ఒక గీత వెతకాలి. ఎండిన నాచు, గవ్వల ముక్కలు, తెగిన వల పోగులు, ఒంటి చెప్పు, థర్మోకోల్ పలుకులు బారుగా పడి ఉంటాయి. వెనకటి పోటు అక్కడిదాకా వచ్చి చెత్త వదిలి వెళ్లిందన్నమాట. రెండు గీతలుంటే పైదే లెక్క. గుడారం దానికి బాగా ఎగువన వేయాలి. రాత్రి బసకు అన్ని తీరాల్లోనూ అనుమతి ఉండదు, అదీ ముందే కనుక్కోవాలి.

ఇంత అవస్థ ఎందుకంటే, మన కోస్తాకు ఒక అదృష్టముంది. ఇక్కడ సముద్రం చాలాచోట్ల ఆగ్నేయాన ఉంటుంది. పాలపుంత నడిబొడ్డు, అంటే ధనుస్సు రాశి వైపు, ఉదయించేదీ ఆ దిక్కునే. మార్చి చివర్లో అర్ధరాత్రి ప్రాంతంలో, మే మధ్యకొచ్చేసరికి రాత్రి తొమ్మిదికే, ఊరి దీపాలేవీ లేని నీటి అంచు మీద అది పైకి లేస్తుంది.

కంటికి చీకటి పూర్తిగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మసక వెలుతుర్లో పనిచేసే కణాల్లో రోడాప్సిన్ అనే వర్ణకం మళ్లీ తయారు కావాలి మరి. ఈలోపు ఎవరో ఫోను వెలిగిస్తే కథ మళ్లీ మొదటికి. ఆ కణాలకు రంగులు తెలియవు, అందుకే పాలపుంత మన కంటికి బూడిదరంగు మరక. కెమెరా మాత్రం షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ కాంతిని పోగుచేసుకుంటూ పోతుంది, రంగులతో సహా. అయితే భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కనుక ఎక్కువసేపు తెరిస్తే చుక్కలు గీతలవుతాయి. 500ను లెన్సు నాభ్యంతరంతో భాగించడం ఫొటోగ్రాఫర్ల పాత లెక్క: 20 మిల్లీమీటర్ల లెన్సయితే 25 సెకన్లు. ఇప్పటి కెమెరాలకు ఇంకాస్త తగ్గించడమే మేలు. ఆ 25 సెకన్లలో అలలన్నీ కలిసిపోయి పొగమంచులా వస్తాయి. జనం దాన్ని మెచ్చుకుంటారు గానీ, అల విరిగే అల్లరంతా పోయిన ఆ సముద్రం నాకు ఎప్పుడూ చప్పగానే ఉంటుంది.

లెన్సు మీద పడే జిగురు మసకకు కారణం అలల తుంపరలోని ఉప్పు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చి తానే నీరవుతుంది, కాబట్టి తీరాన ఆ పొర రాత్రంతా ఆరదు. పొడిగుడ్డతో రుద్దితే ఇసుక రేణువులు అద్దాన్ని గీస్తాయి. ముందు ఊదాలి, తర్వాత మంచినీళ్లతో తడిపిన మెత్తటి గుడ్డతో అద్దాలి. నేల సముద్రం కన్నా త్వరగా చల్లారడం వల్ల రాత్రి పొద్దుపోయాక గాలి సాధారణంగా ఒడ్డు నుంచి కడలి వైపు మళ్లుతుంది. అప్పుడు తుంపర తగ్గుతుంది.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ ఇసుకలోనే గుడ్లు పెడతాయి. గుడ్లలోంచి బయటికొచ్చిన పిల్లలు వెలుతురెక్కువున్న దిక్కే సముద్రమనుకుని నడుస్తాయి. గుడ్లు పెట్టే నెలల్లోనూ, పిల్లలు బయటికొచ్చే రోజుల్లోనూ ఫ్లాషూ, తెల్ల టార్చీ సంచిలోంచి తీయకూడదు.

తెల్లవారాక సూర్యోదయం ఫొటో ఎలాగూ తీస్తారు. నిండు బింబం నీటి అంచును తాకుతూ కనిపించే క్షణానికి సూర్యుడు నిజానికి ఇంకా దిగంతం కిందే ఉంటాడు. వాతావరణం కాంతిని దాదాపు అర డిగ్రీ వంచి ఆయన్ను పైకెత్తి చూపుతుంది. కింది అంచు కాంతి ఎక్కువ వంగుతుంది, పై అంచుది తక్కువ. అందువల్లే ఫొటోలో బింబం నిలువునా నొక్కినట్టు వస్తుంది. లెన్సు చెడిపోయిందని రిపేరు షాపుకు పరుగెత్తనక్కర్లేదు.