యాక్రిలిక్ రంగులు: ఆరే వేగాన్ని అదుపు చేయడం

తైలవర్ణాలతో పనిచేసి యాక్రిలిక్‌కు వచ్చిన విద్యార్థులను మొదట ఇబ్బంది పెట్టేది ఒకటే. ఆకాశానికి నీలం పూసి, దాన్ని దిగువన తెలుపులోకి మెత్తగా కలపబోయేసరికి పైభాగం ఆరిపోయి ఉంటుంది. బలవంతంగా రుద్దితే సగం ఆరిన రంగు ఉండలు ఉండలుగా లేస్తుంది. ఈలోగా పాలెట్ మీద రంగు కూడా మీగడ కడుతుంది.

కారణం తెలిస్తే ఉపాయాలు మీకే తోస్తాయి. నీటిరంగుల్లో బంధకం తుమ్మజిగురు; ఆరాక తడిపితే మళ్లీ కరుగుతుంది. తైలవర్ణాల్లోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. అందుకు రోజులు పడుతుంది. యాక్రిలిక్‌లో అతి సూక్ష్మమైన ప్లాస్టిక్ కణాలు నీటిలో తేలుతుంటాయి. నీరు ఆవిరి కాగానే అవి దగ్గరికి చేరి, ఒకదానితో ఒకటి అతుక్కుని పొరగా మారతాయి. ఈ పొర మళ్లీ నీటిలో కరగదు. కాబట్టి గట్టిపడిన రంగుపై నీళ్లు పోయడం వృథా. నీటిని పోకముందే ఆపాలి.

ముందుగా ఫ్యాన్ గాలి పాలెట్‌కు నేరుగా తగలని చోట కూర్చోండి. మే నెలలో కర్నూలు పొడివేడికి ఆరినంత త్వరగా వానాకాలపు విశాఖలో రంగు ఆరదు.

అన్నిటికన్నా మేలైనది తడి పాలెట్. కొనక్కరలేదు. మూత బిగువుగా పట్టే వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బాలో నూలు గుడ్డను మడిచి పరవండి. బాగా తడిపి, మిగిలిన నీటిని వంపేయండి. దానిపై కేకులు కాల్చేటప్పుడు వాడే బేకింగ్ పేపర్ వేసి, రంగులను దాని మీదే కలపండి. అడుగు నుంచి తేమ కొద్దికొద్దిగా రంగుకు అందుతుంది. పని ఆపినప్పుడు మూత పెడితే మర్నాడూ అదే రంగు వాడుకోవచ్చు. కాగితానికి బదులు ప్లాస్టిక్ షీటు వేయకండి. తేమ దాన్ని దాటదు. గుడ్డ వాసన వేస్తే మార్చండి.

రిటార్డర్ అనే ద్రవం అంగళ్లలో దొరుకుతుంది. సీసాపై రాసిన మోతాదు మించితే రంగు జిగటగానే ఉండిపోతుంది. నా ఉద్దేశంలో కొత్తవారికి దాని అవసరం లేదు. పొగమంచులా చల్లే స్ప్రే సీసాతో అప్పుడప్పుడు నీరు చిలకరిస్తే చాలు. అలాగని నీరు ఎక్కువ కలిపితే బంధకం పలచబడి, రంగు పట్టు కోల్పోతుంది.

అసలు నష్టం కుంచెలకు. వాడనప్పుడు కుంచెను నీటిలో పడుకోబెట్టండి. నిలబెడితే మొన వంగిపోతుంది. పని కాగానే సబ్బుతో కడగండి. వెంట్రుకల మొదట్లో రంగు ఎండితే ఆ కుంచె దాదాపు పోయినట్టే.

అభ్యాసం: ఒకే ట్యూబులోని రంగును మామూలు పళ్లెంలో, తడి పాలెట్‌పై ఒక్కో బొట్టు పెట్టండి. పది నిమిషాలకోసారి పుల్లతో తాకి చూసి, పొర ఎప్పుడు కట్టిందో రాసుకోండి. ఫ్యాన్ వేసి ఒకసారి, ఆపి ఒకసారి చేయండి.