చెరువు బాగైంది, నీరటి ఏడి?

నస్రుల్లాబాద్ ఉన్న కామారెడ్డి జిల్లాలో నిజాంసాగర్ కాలువ ఎక్కని మెట్ట ఊళ్ళకు చెరువే దిక్కు. బావుల్లో ఊట, పశువుల మేత, చేపలు, కొంగలు అన్నీ దాన్ని పట్టుకునే బతుకుతాయి.

ఆ చెరువును కాచింది నీరటి. తెలంగాణలో ఈ పని ఎక్కువగా మాల మాదిగలదే. తూము ఎంత తెరవాలో, ఏ మడికి ఎప్పుడు తడి అందాలో, వానలో కట్ట ఎక్కడ ఊరుతుందో వాళ్ళకు తెలుసు. ఊరు దీన్ని చాకిరీగా లెక్కగట్టింది గాని విజ్ఞానంగా ఒప్పుకోలేదు.

2015 మార్చి 12న మిషన్ కాకతీయ మొదలైంది ఇక్కడి సదాశివనగర్‌లోనే. 46 వేల పైచిలుకు చెరువులను బాగుచేయాలన్నది లక్ష్యం. పూడిక మన్ను చెల్కలో పడితే తేమ నిలుస్తుంది. కాని తోలుకునే ఖర్చు రైతుదే. ఎకరం లావణి పట్టా ఉన్న దళితుడు ట్రాక్టర్ కిరాయి ఎక్కడ తెచ్చేది?

వాన తీరూ మారింది. దినాల తరబడి ఎండ, ఆపైన ఒక్కసారే కుండపోత. 2025 ఆగస్టు ఆఖర్న కామారెడ్డి చూసింది ఇదే. అట్లాంటి రాత్రి కట్ట మీద తిరిగే, మత్తడి చూసే మనిషి కావాలి.

వెట్టిని మళ్ళీ తెమ్మని మేము అనడం లేదు. నీరటికి నెల జీతం, చెరువు నిర్ణయాల్లో మాట, లావణి చెల్కలకు సర్కారు ఖర్చుతో మన్ను: ఇవి లేని పునరుద్ధరణ సగం పనే.