తేలెడి విద్యుత్కేంద్రము - త్రాళ్ళ లెక్క

రామగుండములోని ఎన్.టి.పి.సి. జలాశయముపై 100 మెగావాట్ల సూర్యవిద్యుత్తును తీయు పలకలు తేలుచున్నవి. 2022 జూలై 1 నుండి ఆ కేంద్రము పూర్తిగా పనిచేయుచున్నది. సుమారు 500 ఎకరాల మేర 40 భాగములు. ఒక్కొక్క భాగమునందు 11,200 పలకలు. గోదావరికి ఆవలి గట్టున, శ్రీరాంపూరుకు సమీపమున, జైపూరులోని సింగరేణి జలాశయముపై కూడ 2023లో ఇట్టి పలకలు వెలసినవి.

గాలి వీచినపుడు ఇవి కొట్టుకొనిపోకుండుట ఎట్లు? రామగుండమున నీటి అడుగున పెద్ద బరువులుంచి, పాలిథిలీన్ పోగులతో పేనిన త్రాళ్ళతో తెప్పలను వాటికి కట్టినారు. సముద్రమున ఓడకు లంగరు వేయుటకును దీనికిని సూత్రమొక్కటే.

త్రాడు స్ప్రింగు వంటిదని తలచుట సులభము. స్ప్రింగును రెట్టింపు సాగదీసిన రెట్టింపు బలము చూపును. త్రాడట్లు కాదు. శ్రీరాంపూరు గనులలో హాలేజి త్రాటిని చూచిన శ్రోతలకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు: వదులుగా నున్నంతవరకు చేతికి వచ్చును, బిగిసిన పిమ్మట అంగుళమైనను కదలదు. కొద్దిగా జోగిన బరువైన గొలుసునందు బిగువు రెట్టింపైనచో కాఠిన్యము ఇంచుమించు ఎనిమిది రెట్లగును. పాలిథిలీన్ త్రాడు నీటికన్న తేలిక గనుక దాని తీరు వేరు. వదులుగా నున్నపుడు కాఠిన్యము సున్న. బిగిసినంతనే ఒక్కసారిగా పెరుగును. పైగా నీటిమట్టము తగ్గినపుడెల్ల త్రాడు వదులగును.

ఈ లెక్కను నేడు కంప్యూటరు చేయును. కాఠిన్యమును ఒకే అంకెగా ఇచ్చినచో గణితము త్వరగా ముగియును. కాని త్రాడు లాగగలదు గాని నెట్టజాలదని యంత్రమునకు తెలియదు. వదులైన త్రాడు తెప్పను వెనుకకు నెట్టుచున్నట్లు లెక్కవేయును! అందుచేత ఇంజనీర్లు సాగుదలకు, బిగువుకు ఒక పట్టిక నిత్తురు. మాటకు, ఒక త్రాడు 10 సెంటీమీటర్ల సాగుదలకు 1 టన్ను, 20కి 3, 30కి 8 టన్నులు లాగుననుకొందము. మొదటి అంకెనే నమ్మినవారికి 30 సెంటీమీటర్ల కడ 3 టన్నులే కనబడును. యంత్రము తెప్ప స్థానమును ఊహించి, పట్టికలో బిగువు చూచి, గాలి బలముతో సరిపోవువరకు మరల మరల సవరించుకొనును. గాలివేగము రెట్టింపైన దాని బలము నాలుగింతలగును సుమా.

త్రాళ్ళన్నియు సమముగా బిగియవు. ముందు బిగిసినది తన పాలుకన్న ఎక్కువ మోయును. అది తెగిన ఆ భారము ప్రక్కదానిపై పడును. 2019 సెప్టెంబరులో జపానులోని యమకుర జలాశయమున తుపాను తాకిడికి తేలు పలకలు కట్లు వీడి, ఒకదానిపై నొకటి ఎక్కి, మంటలు లేచినవి. కావున ఒక త్రాడు తెగినదనుకొని కూడ గణించి, మిగిలినవి ఆగునో లేదో చూడవలెను. పట్టికలోని అంకెలు క్రొత్త త్రాటికి కొలిచినవి. ఏండ్ల తరబడి ఎండకు ఎండి, నీట నానిన త్రాటికి మరల కొలువక తప్పదు.