కిడ్నీ దాతకు కండరాల సడలింపు: అపోహలు – వాస్తవాలు

కొడుక్కి కిడ్నీ ఇచ్చే తల్లికి ఏ జబ్బూ ఉండదు. తన ఒంటికి ఏ మేలూ చేయని ఆపరేషన్‌కు ఆమె ఒప్పుకుంటుంది. మన దేశంలో కిడ్నీ మార్పిడులు ఎక్కువగా ఇలాంటి బతికున్న దాతల చలవే. థియేటర్‌లో తమకు ఏం చేస్తారో వాళ్లకు ముందే తెలియాలి.

అపోహ: కండరాలను సడలించే మందే మత్తుమందు.
వాస్తవం: ఈ మందు నిద్ర పుచ్చదు, నొప్పినీ తగ్గించదు. నరం నుంచి కండరానికి అందే సంకేతాన్ని మాత్రమే ఆపుతుంది. మత్తుకు, నొప్పికి వేరే మందులిస్తారు. ఊపిరి పని వెంటిలేటర్ చూసుకుంటుంది.

అపోహ: గుండె కూడా ఆగిపోవచ్చు.
వాస్తవం: ఈ మందు కాళ్లు, చేతులు, పొట్ట, ఊపిరి కండరాల మీద పనిచేస్తుంది. గుండె నరాల ఆజ్ఞ కోసం ఎదురుచూడదు, తనంతట తానే కొట్టుకుంటుంది.

అపోహ: కీహోల్ ఆపరేషన్‌లో చిన్న రంధ్రాలే కదా, సడలింపు ఎందుకు?
వాస్తవం: పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపితేనే కెమెరాకు చోటు దొరుకుతుంది. మామూలుగా దీని పీడనం 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది. పీడనం పెరిగితే కిడ్నీకి రక్తం తగ్గుతుంది. పొట్ట కండరాలు బాగా వదులైతే తక్కువ పీడనంతోనూ చోటు చేసుకోవచ్చు.

అపోహ: ఎంత గాఢంగా సడలిస్తే అంత త్వరగా కోలుకుంటారు.
వాస్తవం: గాఢమైన సడలింపుతో సర్జన్‌కు లోపల బాగా కనిపిస్తుంది. కానీ నెదర్లాండ్స్‌లో కిడ్నీ దాతల మీద 6 మిల్లీమీటర్ల పీడనంతో జరిపిన పరీక్షల్లో, కోలుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు.

అపోహ: ఆ మందు రోజుల తరబడి ఒంట్లోనే ఉండి నీరసం తెస్తుంది.
వాస్తవం: మందు ప్రభావం తగ్గిందో లేదో తెలుసుకోవడానికి మణికట్టు దగ్గర నరానికి వరుసగా నాలుగు చిన్న కరెంటు తాకిళ్లు ఇచ్చి, బొటనవేలు ఎలా కదులుతుందో చూస్తారు. నాలుగో కదలిక మొదటిదానిలో కనీసం 90 శాతం ఉంటేనే గొంతులోని గొట్టం తీయడం క్షేమం. సడలింపు మందుగా రోక్యురోనియం వాడితే, దాన్ని బంధించే సుగామాడెక్స్ కొన్ని నిమిషాల్లోనే బలాన్ని తిరిగి తెస్తుంది. తర్వాతి వారాల అలసటకు కారణం ఆపరేషనే.

దాతలు మత్తు డాక్టర్‌ను మొహమాటపడకుండా అడగండి: బొటనవేలి కొలత తీస్తారా? నరాల, కండరాల జబ్బులున్నా, మందులు పడకపోయినా ముందే చెప్పండి. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలు, సుగామాడెక్స్ ఇస్తే 7 రోజులు గర్భం రాకుండా అదనపు జాగ్రత్త తీసుకోవాలి.