పలు కాళ్ల కండెన్సరు: ధన ఋణాలను గుర్తించడం ఎట్లు?

వాల్వులతో పనిచేసే పాత రేడియోను విప్పి చూస్తే ఛాసిస్ మీద నిలువుగా బిగించిన అల్యూమినియం డబ్బా ఒకటి కనిపిస్తుంది. దాని అడుగున మూడో నాలుగో కాళ్లు ఉంటాయి. పైకి ఒకే వస్తువు వలె ఉన్నా, అందులో రెండు మూడు ఎలక్ట్రొలిటిక్ కండెన్సరులు ఇమిడి ఉన్నవి. కండెన్సరునే నేటి పాఠ్యపుస్తకాలలో కెపాసిటర్ అంటున్నారు. ఈ కాళ్లలో ఏది ధనం, ఏది ఋణం అన్నది తెలియకుండా తీగలు అతికినట్లయితే కండెన్సరు వేడెక్కి పగిలిపోవచ్చును. కాబట్టి ముందుగా దాని నిర్మాణం తెలుసుకొనవలెను.

ఋణం ఒక్కటే ఎందుకు?

ఏ కండెన్సరులోనైనా రెండు వాహకాలు, వాటి నడుమ ఒక విద్యుద్బంధకం ఉంటాయి. బంధకం ఎంత పలుచనైతే కెపాసిటీ అంత ఎక్కువ. ఎలక్ట్రొలిటిక్ కండెన్సరులో ఒక అల్యూమినియం రేకును విద్యుద్విశ్లేషణకు గురిచేసి, దాని మీద అల్యూమినియం ఆక్సైడు పొరను పెంచుతారు. ఈ పొరయే బంధకం. 450 వోల్టులకు తయారైన రేకు మీద కూడ దీని మందం ఒక మైక్రోమీటరుకు మించదు. చిన్న డబ్బాలో పెద్ద కెపాసిటీ ఇమడడానికి కారణం ఇదే. పోలెండు దేశీయుడైన కరోల్ పొల్లాక్ ఇట్టి కండెన్సరుకు 1896లో పేటెంటు తీసుకొన్నాడు.

మరి రెండవ వాహకం ఏది? రెండవ రేకు అని చాలమంది అనుకొంటారు. నిజానికి అది కాగితంలో ఇంకి ఉన్న విద్యుద్విశ్లేష్య ద్రవం. రెండవ రేకు ఆ ద్రవానికి విద్యుత్తును చేరవేసే సాధనం మాత్రమే. ఇక్కడే మన ప్రశ్నకు సమాధానం ఉన్నది. పొర గల రేకులు ఎన్ని ఉన్నా వాటన్నిటికీ ఋణ భాగం ఒకటే అయి ఉండవచ్చును. అందువల్లనే రేడియో డబ్బాలలో ధనపు కాళ్లు అనేకం, ఋణం ఒక్కటి. సాధారణంగా ఆ డబ్బా లోహమే ఋణం.

ఆక్సైడు పొర రేకు ధనంగా ఉన్నప్పుడే విద్యుత్తును ఆపుతుంది. దిశ తారుమారైతే ప్రవాహం సాగుతుంది, వేడి పుడుతుంది, వాయువు వెలువడుతుంది, మూసి ఉన్న డబ్బాలో ఒత్తిడి పెరుగుతుంది.

గుర్తులు చదవడం

అమెరికా పద్ధతి డబ్బాలలో ప్రతి ధనపు కాలి పక్కన బేకలైటు బిళ్లలో ఒక ఆకారం తొలిచి ఉంటుంది: అర్ధచంద్రం, చతురస్రం, త్రికోణం. ఏ గుర్తూ లేని కాలు నాలుగవది. అవే ఆకారాలు డబ్బా పైన కూడ ముద్రించి, ఎదురుగా విలువలు ఇస్తారు. ఉదాహరణకు అర్ధచంద్రానికి ఎదురుగా 40 మైక్రోఫారడ్‌లు, 450 వోల్టులు అనియు, త్రికోణానికి ఎదురుగా 20 మైక్రోఫారడ్‌లు, 25 వోల్టులు అనియు ఉండవచ్చును. ఈ రెండు కాళ్లూ తారుమారైతే, ధ్రువాలు సరిగా ఉన్నప్పటికీ 25 వోల్టుల భాగం చెడిపోతుంది. ఐరోపా డబ్బాలలో ఆకారాలకు బదులు రంగు చుక్కలు వాడేవారు. డబ్బా అంచున ఉండి, ఛాసిస్‌లో దూర్చి మెలిపెట్టే చెవులు ఋణానికి చెందినవి.

ఒక హెచ్చరిక. కొన్ని యంత్రాలలో డబ్బాకును ఛాసిస్‌కును నడుమ బేకలైటు బిళ్ల ఉంటుంది. అట్టి చోట డబ్బా ఛాసిస్‌తో సమాన వోల్టేజిలో ఉండదు, దానిని తాకరాదు.

గుర్తులు చెరిగిపోతే

మీటరు పెట్టేముందు యంత్రపు ప్లగ్గు పీకి, కండెన్సరులో నిలిచిన విద్యుత్తును తొలగించవలెను. 40 మైక్రోఫారడ్‌ల భాగం 400 వోల్టుల వద్ద 3.2 జౌళ్ల శక్తిని దాచుకొంటుంది. దాని దెబ్బ అపాయకరం. 10,000 ఓములు, 5 వాట్లు గల నిరోధాన్ని ప్రతి ధనపు కాలికీ ఋణానికీ నడుమ కొన్ని సెకండ్లపాటు ఉంచి, తరువాత వోల్టుమీటరుతో సరిచూడవలెను. ఒక భాగం ఖాళీ అయినంత మాత్రాన తక్కినవి ఖాళీ అయినట్లు కాదు. ఈ పని విద్యార్థులది కాదు, అనుభవం గల పెద్దలది.

తరువాత కండెన్సరును వలయం నుండి విడదీసి, కాళ్లను రెండేసి చొప్పున కెపాసిటీ మీటరుతో కొలవవలెను. 40, 20 మైక్రోఫారడ్‌ల భాగాలు రెండు ఉన్నవనుకొందాము. ఋణానికీ మొదటి ధనానికీ నడుమ 40, ఋణానికీ రెండవ ధనానికీ నడుమ 20 వస్తాయి. రెండు ధనాల నడుమ కొలిస్తే అవి శ్రేణిలో ఉన్నట్లే. ఆ విలువ 40 × 20 ÷ 60, అనగా సుమారు 13.3. శ్రేణి విలువ ఎప్పుడూ రెండింటి కన్న తక్కువే. కనుక అన్నిటి కన్న తక్కువ విలువ చూపిన జంట రెండు ధనాలు. మిగిలిన కాలు ఋణం. కొలిచిన విలువ ముద్రించిన దానికి కొంత తేడాగా ఉన్నా ఈ సూత్రం తప్పదు.

నేటి కండెన్సరులు

పవర్ సప్లై యంత్రాలలో వాడే నేటి పెద్ద కండెన్సరులలో నాలుగు లేక అయిదు కాళ్లు గలవి కూడ ఉన్నవి. వీటికి పై సూత్రం వర్తించదు. ఇక్కడ ధనం ఒకటి, ఋణం ఒకటి. తక్కినవి బోర్డు మీద గట్టిగా నిలబెట్టేందుకు మాత్రమే. వాటిని వలయంలో దేనికీ కలుపరాదు. తొడుగు మీది పట్టీ ఋణపు వైపును చూపుతుంది. టాంటలం రకంలో మాత్రం పట్టీ సాధారణంగా ధనాన్ని చూపుతుంది. ఈ భేదం మరువరాదు.

తరగతిలో చేయదగిన ప్రయోగం

25 వోల్టులకు తగిన 47, 22 మైక్రోఫారడ్‌ల కొత్త కండెన్సరులు రెండు తీసుకొని, వాటి ఋణపు కాళ్లను కలిపి అతికి, మూడు తీగలు మాత్రం బయటికి వచ్చేటట్లు అగ్గిపెట్టెలో అమర్చవలెను. ఏ తీగ ఋణమో విద్యార్థులు మీటరుతో కనుగొనవలెను. రెండు ధనాల నడుమ సుమారు 15 మైక్రోఫారడ్‌లు రావలెను. శ్రేణి సూత్రాన్ని నల్లబల్ల మీద మాత్రమే చూచిన విద్యార్థికి దాని ప్రయోజనం ఇక్కడ కంటికి కనిపిస్తుంది.