విమానం దిగినవారికి నిద్ర ఎందుకు పట్టదు?

నూజివీడులో సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకు అమెరికాలోని డల్లాస్ నగరంలో దాదాపు అర్ధరాత్రి. ఈ రెండు ఊళ్ల రేఖాంశాల మధ్య భేదం సుమారు 178 డిగ్రీలు. భూమి ఒక్క డిగ్రీ తిరగటానికి 4 నిమిషాలు పడుతుంది కనుక, సూర్యుని బట్టి చూస్తే వీటి మధ్య ఇంచుమించు 12 గంటల ఎడం ఉన్నది. వేసవిలో డల్లాసువారు గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుకొంటారు. అప్పుడు గడియారాల తేడా 10 గంటల 30 నిమిషాలు.

మామిడి కోతలు ముగిశాక పిల్లలను చూడటానికి అక్కడికి బయలుదేరే దంపతులు ఈ ప్రాంతంలో ఉన్నారు. తోటకు పోవటానికి వేకువనే అయిదింటికి లేచే రైతు ఒకరు డల్లాసులో దిగినారనుకొందాం. సాయంకాలం నాలుగున్నరకు మనుమడు ఆటకు పిలుస్తుంటే ఆయన కునికిపాట్లు పడతారు. నూజివీడులో అది తెల్లవారుజామున 3 గంటలు. ఆయన దేహపు వేడిమి అతి తక్కువగా ఉండే వేళ. రాత్రి ఒకటిన్నరకేమో మధ్యాహ్న భోజనపు ఆకలి! దీనినే జెట్ లాగ్ అంటారు. ఇది కేవలం బడలిక కాదు. అంత దూరమే ఉత్తర దక్షిణాలుగా ఎగిరినవారికి ఒకటి రెండు రాత్రుల నిద్రతో బడలిక తీరిపోతుంది. బోస్టన్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు ఓడలో వెళ్లినారు. ఆ నిదానపు ప్రయాణంలో దేహం రోజుకు కొంత చొప్పున సర్దుకొనే వీలుండేది.

జీవులలో గడియారం ఉన్నదనే సూచన మొదట మొక్కలలో దొరికింది. 1729లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ద మెరాన్ అత్తిపత్తిని చీకటిలో ఉంచి చూచినాడు. వెలుతురు లేకున్నా ఆకులు పగటివేళ విచ్చుకొని రాత్రివేళ ముడుచుకొన్నవి. ఈ గడియారపు లోపలి పనితీరును పండ్ల ఈగలలో వివరించినందుకు 2017లో హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి నోబెల్ బహుమతి లభించింది. కాయను పాడుచేసే పెద్ద ఈగ కాదిది. మిగలముగ్గిన పండుపై ముసిరే చిట్టి ఈగల జాతి. దాని కణాలలో ఒక ప్రోటీను రాత్రి పోగుపడి, తన తయారీని తానే ఆపుకొంటుంది. పగలు అది క్షీణించగానే తయారీ మళ్లీ మొదలవుతుంది.

మనిషి మెదడు అడుగున, కంటినరాలు కలుసుకొనే చోటుకు కాస్త పైన, సుమారు 20,000 నాడీకణాలు ఈ పని చేస్తున్నవి. వీటి సహజమైన రోజు 24 గంటలకంటె కొంచెం ఎక్కువ. అందువల్ల రోజును సాగదీసే పడమటి ప్రయాణం తేలిక, కుదించే తూర్పు ప్రయాణం కష్టం. గడియారం రోజుకు సుమారు ఒకటి, ఒకటిన్నర గంటలు మాత్రమే జరుగుతుంది. దానిని జరిపేది ముఖ్యంగా వెలుతురు. మన రైతుకు మొదటి రోజు నాలుగున్నర లోపల తగిలే ఎండ గడియారాన్ని కావలసిన వైపుకు, అంటే వెనుకకు, నెడుతుంది. ఆ వేళ దాటిన వెలుతురు ఎదురువైపుకు నెడుతుంది.

చక్కెరవ్యాధికి ఇన్సులిన్ తీసుకొనేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. వెళ్లేటప్పుడు వారి రోజు 34 గంటల 30 నిమిషాలకు సాగుతుంది. తిరిగి వచ్చేటప్పుడు 13 గంటల 30 నిమిషాలకు కుదించుకొంటుంది. చేతిగడియారం చూచుకొని ఎప్పటి మోతాదులే వేసుకొంటే, తిరుగు ప్రయాణంలో ఒకదాని ప్రభావం తగ్గకముందే మరొకటి తోడై రక్తంలోని చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఏ వేళకు ఎంత మోతాదో బయలుదేరకముందే వైద్యునిచేత కాగితం మీద వ్రాయించుకోవాలి.